అంగడి తలుపు తెరుచుకునే వేళ: వరంగల్ వర్తకంలో ఆలస్యం చరిత్ర

వర్తకంలో సరుకు నాణ్యత ఎంత ముఖ్యమో, అది కొనుగోలుదారు కంటబడటానికి పట్టే కాలం కూడా అంతే ముఖ్యమన్న ఎరుక వరంగల్‌కు కొత్తగా వచ్చినది కాదు. సముద్రానికి దూరంగా, దక్కను పీఠభూమి మీద, బండ్ల బాటల కూడలిగా ఎదిగిన ఓరుగల్లు వర్తకానికి ఆదినుండీ మూడు చిక్కులున్నాయి: సరుకు బరువు, అది పోవలసిన దూరం, దారిలో ఆగవలసిన మజిలీలు. కొత్తవాడ జంపఖానాలనో, పెంబర్తి ఇత్తడి సామాన్లనో, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చినో అమ్మే చిన్న దుకాణం వెబ్‌సైటు ఈనాడు ఫోను తెరమీద తెరుచుకోవడానికి ఎందుకు ఆలస్యమవుతుందని విచారించినా, తేలే కారణాలు దాదాపు ఈ మూడే. అయినా ఆ ఆలస్యానికి నింద చాలాకాలం నాలుగో దానిమీద, అంటే తెలుగు లిపి మీద పడింది. ఆ నింద ఎక్కడ పుట్టిందో, ఎందుకు నిలవదో తెలియాలంటే ఈ ఊరి వర్తక చరిత్రను కొంత వెనుకనుండి చదవవలసి ఉంటుంది.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం వర్తకపు అడ్డంకులను గురించి తెలుగు నేలమీద వెలువడిన పత్రాలలో ముఖ్యమైనది. అంతకుముందు పాలకులు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారాన్నీ, ఏనుగులనూ, గుర్రాలనూ, రత్నాలనూ స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకాన్ని తప్ప మరేమీ తీసుకోననీ రాజు ఆ శాసనంలో ప్రకటించాడు. ఆ సుంకానికి కూపశుల్కమని పేరు. అది ముప్పయ్యో వంతు. శాసనాన్ని దయాగుణానికి నిదర్శనంగా వ్యాఖ్యానించడం పరిపాటి గాని, దానిలో గట్టి వర్తక వివేకం కూడా ఉంది. రేవులో తనకు ఏమి జరుగుతుందో ముందుగా తెలియని వర్తకుడు ఆ రేవుకే రాడు. సుంకం ఎంతో, అది ఎక్కడ చెల్లించాలో తెలిసినప్పుడు సరుకు ఆగదు.

రాజధానిలో మాత్రం ఆలస్యం కావాలనే కట్టినది. ఓరుగల్లు రాతికోట ద్వారాలు నేరుగా లోపలికి తెరుచుకోవు. లోనికి వచ్చినవారు గోడల నడుమ మలుపులు తిరిగి మాత్రమే ముందుకు సాగగలరు. దండెత్తి వచ్చిన ఏనుగు గాని, అశ్వదళం గాని ఒక్క ఊపులో చొచ్చుకుపోకుండా చేసిన ఏర్పాటు అది. అయితే శత్రువును ఆపే మలుపు మిరియాల బండినీ, బట్టల మూటనూ కూడా అంతగానే ఆపుతుంది. రక్షణ కావాలంటే కొంత వేగాన్ని వదులుకోక తప్పదన్న ఈ లెక్క, కోటలు పోయిన తరువాత కూడా మరో రూపంలో ఈ చరిత్రలోకి తిరిగి వస్తుంది.

కాకతీయుల అనంతరం నిలిచిన వృత్తులలో తివాచీల నేత ముఖ్యమైనది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు కనిపించాయి. అంటే ఇక్కడి మగ్గం మీది పనితనం రైలు రాకకు చాలా ముందే ప్రపంచం కళ్లబడింది. కాని ప్రదర్శనలో ఒకసారి కనబడటం వేరు, కోరిన కొనుగోలుదారుకు కోరినప్పుడు అందడం వేరు. నిజాం రాజ్యపు రైలుమార్గం 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గం పూర్తయిన తరువాత ఈ ఊరు ఢిల్లీకీ మద్రాసుకూ నడుమ ప్రధాన మార్గం మీదికి వచ్చింది. 1934లో అజంజాహీ మిల్లు ఇక్కడ వెలియడానికి చుట్టుపక్కల పండే పత్తి ఎంత కారణమో, ఆ పట్టాలు కూడా అంతే కారణం.

ఇంటర్నెట్ రాకతో సరుకుకు ముందు సరుకు బొమ్మ ప్రయాణం చేయడం మొదలైంది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. ఆనాటి కనెక్షను టెలిఫోను తీగ మీదుగా, మోడెమ్ అనే పరికరం సాయంతో నడిచేది. కంప్యూటరు లెక్కలను ధ్వనిగా మార్చి ఫోనులో పంపి, అవతలి కొసన తిరిగి లెక్కలుగా మార్చడం దాని పని. చివరి తరం మోడెమ్‌ల వేగం సెకనుకు 56 కిలోబిట్లని పెట్టె మీద రాసి ఉన్నా, ఆచరణలో సెకనుకు 5 కిలోబైట్లు దిగితే అదే గొప్ప. బిట్టు అనేది అతిచిన్న కొలత. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఆ లెక్కన 100 కిలోబైట్ల బొమ్మ ఒకటి తెరమీద పూర్తిగా విచ్చుకోవడానికి కనీసం 20 సెకన్లు పట్టేది. మనిషి ఓపికను కొలిచిన జేకబ్ నీల్సన్ 1993లో ప్రచురించిన గ్రంథంలో, ఒక సెకను దాటితే ఆలోచన సాగుబాటు తెగుతుందనీ, పది సెకన్లు దాటితే మనసు మరోదానిమీదికి పోతుందనీ రాశాడు. ఆ కొలత ప్రకారం ఆనాటి ప్రతి బొమ్మా చూడవచ్చినవారిని రెండుసార్లు పోగొట్టుకునేదే. పైగా నెట్ సెంటర్లలో రుసుము గంటల లెక్కన ఉండేది గనుక, పేజీ తయారుచేసినవారి అజాగ్రత్తకు వెల చెల్లించినవారు చూడవచ్చినవారే.

తెలుగు లిపి మీద నింద పుట్టినది ఈ దశలోనే. అప్పటి బ్రౌజర్లకు, అంటే వెబ్ పేజీలను చూపే ప్రోగ్రాములకు, తెలుగు అక్షరాలను కూర్చడం తెలియదు. అందువల్ల తెలుగులో ఏదైనా చూపదలచినవారు మొదట ఎంచుకున్న మార్గం, పాఠాన్ని అచ్చుకు సిద్ధం చేసి, దానిని ఒక బొమ్మగా మార్చి పేజీలో అతికించడం. ఇంగ్లిషులో రెండు మూడు కిలోబైట్లలో ముగిసే సమాచారం తెలుగులో బొమ్మగా మారేసరికి పదుల కిలోబైట్లయ్యేది. రెండవ మార్గం, ఇంగ్లిషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను కూర్చిన ప్రత్యేకమైన ఫాంటును తయారుచేయడం; ఆ ఫాంటును దింపుకున్నవారికి తెలుగు కనబడేది, దింపుకోనివారికి అర్థంలేని రోమన్ గుర్తుల గుంపు కనబడేది. మూడవ మార్గం 1997 ప్రాంతంలో వచ్చిన డైనమిక్ ఫాంట్లు: పేజీతోపాటే ఫాంటు కూడా దానంతట అదే దిగుతుంది. మైక్రోసాఫ్ట్ బ్రౌజరుకు ఒక రకం, నెట్‌స్కేప్ బ్రౌజరుకు మరొక రకం కావలసి రావడంతో తయారీదారుకు శ్రమ రెట్టింపయింది. చదువరికి మాత్రం నిరీక్షణ మిగిలింది. ఈ మూడు పద్ధతులలోనూ తెలుగు పేజీ ఇంగ్లిషు పేజీకన్నా ఆలస్యంగా తెరుచుకున్న మాట నిజమే. కాని ఆ బరువు తెలుగుది కాదు, తెలుగును మోయడానికి ఎంచుకున్న బండిది. ఈ తేడాను గుర్తించకపోవడంవల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. తెలుగులో పెడితే సైటు తెరుచుకోదన్న నమ్మకం బలపడి, తెలుగు మాత్రమే చదవగల కొనుగోలుదారుల నడుమ ఉన్న దుకాణాలు కూడా ఇంగ్లిషులో మాత్రమే పేజీలు పెట్టుకునే అలవాటు స్థిరపడింది.

నిజానికి పరిష్కారానికి పునాది అప్పటికే పడి ఉంది. ప్రపంచ లిపులన్నిటికీ విడివిడి సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటు ఇచ్చింది. అయితే సంఖ్య ఉన్నంత మాత్రాన అక్షరం కనబడదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు వరుసగా వచ్చినప్పుడు వాటిని క్ష అనే ఒకే ఆకృతిగా కూర్చే నేర్పు కంప్యూటరుకు రావాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే ఫాంటుతో ఆ నేర్పు వచ్చింది గాని, దానిని చాలాచోట్ల ఇన్‌స్టాలేషన్ సీడీ పెట్టి విడిగా చేర్చుకోవలసి ఉండేది. అదే కాలంలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు యూనికోడ్ పద్ధతిలో రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తెలుగువారి కంప్యూటర్లలో విస్తారంగా కుదురుకున్నాయి. వరంగల్ ప్రాంతంలోని బమ్మెర గ్రామంతో ముడిపడిన కవి పేరు, తెలుగు తెరమీద తేలికపడిన తొలినాళ్ల అక్షరాలకు అలా తోడైంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా పూర్తిగా యూనికోడ్‌లో ఎదిగి, తెలుగు పాఠం బొమ్మ కానక్కరలేదని నిరూపించింది.

యూనికోడ్‌లో తెలుగు బరువు ఎంత అన్న ప్రశ్నకు లెక్క తేలికే. వెబ్‌లో సర్వసాధారణమైన యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరం ఒక్క బైటులో ఇముడుతుంది. తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. వరంగల్ అన్న మాటలో వ, ర, సున్న, గ, ల, పొల్లు అనే ఆరు సంకేతాలున్నాయి గనుక అది 18 బైట్లు. అదే మాట రోమన్ లిపిలో 8 బైట్లు. తెలుగు బరువైనదనేవారికి ఈ పోలిక అనువుగా దొరుకుతుంది. అయితే పేజీని పంపేముందు దానిని కుదించి మూటకట్టే పద్ధతి ఒకటుంది. పాఠంలో పదేపదే వచ్చే భాగాలను గుర్తించి, వాటిని మళ్లీ రాయకుండా చిన్న గుర్తుతో సరిపెట్టడం దాని కిటుకు. తెలుగు సంకేతాలన్నిటిలోనూ మూడు బైట్లలో మొదటిది ఒక్కటే, రెండవది రెండిటిలో ఒకటి. కాబట్టి కుదింపులో తెలుగు పాఠం బాగా సన్నబడుతుంది. కుదించకపోయినా, ఒక జంపఖానా కొలతలనూ, నూలునూ, రంగులనూ, వెలనూ మూడువందల తెలుగు మాటలలో వివరిస్తే ఆ పాఠం సుమారు 8 కిలోబైట్లవుతుంది. దాని పక్కన ఫోనుతో తీసి, తీసినది తీసినట్టే పెట్టిన బొమ్మ 4 మెగాబైట్లుంటుంది. అంటే ఒక్క బొమ్మ బరువు ఐదువందల అటువంటి వివరణల బరువు.

బ్రాడ్‌బ్యాండ్ రాకతో ఈ చిక్కు తీరుతుందని అందరూ ఆశించారు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు కనీసం 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. 2005 ఆరంభంలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ సేవను మొదలుపెట్టింది. 2016 సెప్టెంబరులో జియో వాణిజ్య సేవలు మొదలైన తరువాత ఫోనులో ఇంటర్నెట్ చవకై, నెట్ సెంటరుకు వెళ్లవలసిన అవసరం చాలామందికి పోయింది. దారి వెడల్పయిన కొద్దీ బండి కూడా బరువెక్కింది. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ వంటి సాధనాలు, సిద్ధంగా దొరికే నమూనాలు చిన్న వ్యాపారికి మేలే చేశాయి. ప్రోగ్రాములు రాయడం తెలియనివారు కూడా సొంత దుకాణాన్ని తెరమీద నిలబెట్టగలిగారు. అయితే ఆ నమూనాలలో కదిలే బ్యానర్లు, సందర్శకులను లెక్కించే సాధనాలు, సంభాషణ పెట్టెలు, వాడినా వాడకపోయినా దిగివచ్చే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు కలిసి ఉంటాయి. వీటిలో ప్రతిదానికీ బ్రౌజరు వేరొక సర్వరును పలకరించవలసి రావచ్చు. వెబ్ పేజీల వేగాన్ని పరిశీలించిన స్టీవ్ సౌడర్స్ 2007లో వెలువరించిన పుస్తకంలో, పేజీ కోసం వేచివుండే కాలంలో ఎనభై నుండి తొంభై శాతం మూల పత్రం అందిన తరువాత, బొమ్మలూ ప్రోగ్రాములూ దిగడంలోనే గడుస్తుందని కొలిచి చూపాడు. ఇంకా పెద్ద హోస్టింగ్ ప్యాకేజీ, అంటే వెబ్‌సైటు పత్రాలను ఎల్లవేళలా అందుబాటులో ఉంచే సర్వరు మీద ఎక్కువ చోటు, కొంటే సైటు వేగవంతమవుతుందని నమ్మే దుకాణదారులకు ఇది ఈనాటికీ వినిపించవలసిన మాట.

దూరం సంగతి వేరు. తొలి రెండు దశాబ్దాలలో చవకైన హోస్టింగ్ ఎక్కువగా అమెరికాలో దొరికేది. హనుమకొండలోని కొనుగోలుదారు కొత్తవాడ సరుకును చూడాలంటే ఆ కోరిక సముద్రగర్భపు తీగల మీదుగా అమెరికాకు పోయి, జవాబు మళ్లీ అదే దారిన రావాలి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పదమూడువేల కిలోమీటర్ల పైచిలుకు దూరానికి రానుపోను ఎనిమిదింట ఒక వంతు సెకనుకు మించి పడుతుంది. తీగల వంకరలు, నడుమ నిలిచే యంత్రాలు కలుపుకుంటే అది పావు సెకనుకు చేరువవుతుంది. పావు సెకను ఒక లెక్కా అనిపించవచ్చు. కాని కోటద్వారపు మలుపులవంటివి ఇక్కడా ఉన్నాయి. మొదట సర్వరుతో పరిచయం ఒక రానుపోను. ఆ పైన అటూఇటూ నమ్మకమైనవారేనని తేల్చుకుని రహస్య సంకేతాన్ని కుదుర్చుకునే హెచ్‌టీటీపీఎస్ తంతు పాతపద్ధతిలో రెండు రానుపోనులు. ఆ తరువాతనే అసలు పేజీని అడగడం. నాలుగు పావులు కలిసి, తెరమీద ఒక్క అక్షరమైనా పడకముందే నిండు సెకను గడిచిపోతుంది. 2018 జూలై నుండి క్రోమ్ బ్రౌజరు ఈ రక్షణ లేని సైట్లన్నిటినీ సురక్షితం కానివిగా చూపడం మొదలుపెట్టడంతో, చిన్న దుకాణాలకు కూడా ఈ ద్వారం తప్పనిసరి అయింది. అదే సంవత్సరం వచ్చిన కొత్త రక్షణ ప్రమాణం ఆ తంతును ఒక్క రానుపోనుకు తగ్గించింది. కోట బలం తగ్గకుండా మలుపు ఒకటి తొలగించారన్నమాట.

దూరాన్ని తగ్గించే ఆలోచన అంతకన్నా పాతది. అమెరికాలోని ఎంఐటీకి చెందిన టామ్ లేటన్, డానీ లెవిన్ 1998లో అకమాయ్ సంస్థను స్థాపించి, పేజీల నకళ్లను ప్రపంచంలోని అనేక నగరాలలో ముందుగానే నిలవచేసే పద్ధతిని వ్యాపారంగా మలిచారు. ఇది రేవులలో గిడ్డంగులు కట్టే పాత వర్తక సూత్రమే. అటుపై సర్వర్లే దగ్గరికి వచ్చాయి: అమెజాన్ తన సర్వర్ల సముదాయాన్ని 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాదులో తెరిచింది. వరంగల్ నుండి హైదరాబాదు నూటయాభై కిలోమీటర్ల లోపే. ఆ దూరం కాంతికి సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. అయినా ఏళ్లక్రితం కొన్న విదేశీ హోస్టింగ్‌నే ఏటేటా పునరుద్ధరించుకుంటూ పోయే దుకాణం, ఊరి సరుకును ఊరివారికి చూపడానికి ఇప్పటికీ రెండు సముద్రాలు దాటిస్తూనే ఉంటుంది.

వేగానికి బజారులో వెల కట్టినది గూగుల్. వెతుకులాట ఫలితాల వరుసలో పేజీ వేగాన్ని 2010 నుండి ఒక అంశంగా లెక్కించి, 2018లో ఫోనులో తెరిచే పేజీలకు కూడా దానిని వర్తింపజేసింది. 2020లో ప్రకటించిన కొలతల ప్రకారం, తెరమీది అతిపెద్ద భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలి; కనబడినది కిందికీ పైకీ జరగకూడదు; వేలు పెట్టగానే పేజీ స్పందించాలి. ఈ మూడింటిలో మధ్యది తెలుగు పేజీలకు ప్రత్యేకంగా పరీక్ష పెట్టింది. గూగుల్ ఫాంట్ల సేవ ద్వారా సిలికానాంధ్ర వెలువరించిన రామభద్ర, ధూర్జటి, పెద్దన, మండలి వంటి అందమైన తెలుగు ఫాంట్లు ఎవరైనా వాడుకునేలా ఉచితంగా అందాయి. కాని గుణింతాలకూ ఒత్తులకూ కొన్ని వందల ఆకృతులు కావలసిన తెలుగు ఫాంటు, ఇంగ్లిషు ఫాంటుకన్నా సహజంగానే బరువు. అది దిగేలోపు ఫోనులోని అక్షరాలతో పాఠం ఒక ఎత్తులో కనబడి, దిగిన తరువాత మరో ఎత్తుకు మారితే పంక్తులన్నీ కదులుతాయి; వెల చూస్తున్న కన్ను చోటు తప్పుతుంది. శీర్షికకు మాత్రం ప్రత్యేక ఫాంటును వాడి, వివరణకు ఫోనులో ముందే ఉన్న తెలుగు అక్షరాలను ఉంచుకోవడం చిన్న దుకాణానికి మేలైన మార్గం. దానివల్ల దింపవలసిన బరువు తగ్గుతుంది, పాఠం వెంటనే నిలుస్తుంది.

మిగిలినది బొమ్మ. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా విషయంలో ఇది తేలికగా తీసిపారేయదగినది కాదు. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ పద్ధతి బొమ్మను చిన్నచిన్న గళ్లుగా విభజించి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేసి బరువు తగ్గిస్తుంది. ముఖచిత్రాలకూ పొలాల దృశ్యాలకూ అది బాగా కుదురుతుంది. ఎరుపు పట్టె పక్కన నీలి పట్టె కత్తితో కోసినట్టు నిలిచే నేతలో మాత్రం, కుదింపు మితిమీరితే రంగుల అంచున మసక అలలు లేస్తాయి. బొమ్మను చిన్నది చేస్తే సరుకు చిన్నబోతుందని నేతగాళ్లు, అమ్మకందారులు జంకడంలో న్యాయముంది. అయితే ఆ భయానికి విరుగుడు కుదింపును మానడం కాదు, ముందు కొలతను తగ్గించడం. నాలుగువేల చుక్కల వెడల్పున్న బొమ్మను ఫోను తెరకు సరిపడే వెయ్యి చుక్కలకు తెస్తే, మొత్తం చుక్కలు పదహారో వంతుకు దిగుతాయి, అంచుల పదును చెడదు. ఆపైన 2010లో గూగుల్ ప్రవేశపెట్టిన వెబ్‌పీ రూపంలో నిలవచేస్తే, మెగాబైట్ల బొమ్మ చాలాసార్లు వందా రెండువందల కిలోబైట్లకు చేరుతుంది. నేత దగ్గరి నుండి చూడదలచినవారికి పెద్ద బొమ్మను విడిగా ఉంచి, వారు అడిగినప్పుడే పంపవచ్చు. పేజీ అడుగున ఉన్న బొమ్మలను చూపరి అక్కడికి చేరినప్పుడు మాత్రమే దింపే సదుపాయాన్ని 2019 నుండి బ్రౌజర్లే సొంతంగా ఇస్తున్నాయి. బొమ్మ వెడల్పూ ఎత్తూ పేజీలో ముందుగా రాసిపెడితే బ్రౌజరు దానికి చోటు వదిలి ఉంచుతుంది. అలా అమర్చిన పేజీలో మొదట తెరమీద పడేది ఫోను సొంత అక్షరాలలోని ఊరిపేరూ, నేత పేరూ, వెలా. వాటి కింద ఖాళీగా పరిచి ఉంచిన చోటులోకి పట్టెల జంపఖానా ఆ తరువాత వచ్చి కూర్చుంటుంది.